పెద్దకడుబూరు ముస్రతమ్మ

ఆదోనిలో మార్కెట్ యార్డు దాటి ఇంకొంచెం ముందుకు పోతే ఒక కాన్పుల ఆసుపత్రి ఉంది. అక్కడ పనిచేసే ముస్రత్ అనే నర్సు పేరును ఒక్క ఏడాదిలో పదకొండు మంది ఆడపిల్లలకు పెట్టారు. ఆలూరు మొదలుకొని ఎమ్మిగనూరు దాకా ఏ ఊళ్ళో దిగి "ముస్రతమ్మా" అని కేకేసినా ఏదో ఒక తొట్టెలలోంచి పసిబిడ్డ కేరుమంటుంది. నా మాట మీద నమ్మకం లేనివాళ్ళు పోయి లెక్కపెట్టుకోవచ్చు. ఇంత వయసు వచ్చింది, చెప్పే కథలో ఆవగింజంత అబద్ధం కలిపిన పాపాన పోలేదు.

అయితే ఈ కథ ముస్రత్‌ది కాదు. ఆ పేరు చెవిన పడినప్పుడల్లా కడుపులో పచ్చిమిరపకాయలు నూరినట్టు మండిపోయే భూమికది.

భూమికది ఎమ్మిగనూరు. అమ్మా నాయనా ఇద్దరూ మగ్గం మీద కూర్చునేవాళ్ళే. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. బస్సెక్కి ఆదోనికి వస్తుంది, డ్యూటీ దిగి మళ్ళీ బస్సెక్కి పోతుంది. ఆమె, ముస్రత్ ఒకే చోట నర్సింగు చదివారు. ఒకే దినం ఉద్యోగంలో చేరారు. నర్సుల గదిలోని ఇనుప బీరువాలో పై అర ఒకరిది, కింది అర ఒకరిది. అంత సమానంగా మొదలైన ఇద్దరిలో ఒకరి పేరు ఊళ్ళు పట్టి తిరుగుతుంటే ఇంకొకరి పేరు హాజరు పట్టీ దాటి బయటికి రాలేదు. అంతకంటే మంట పుట్టించే సంగతి ఏమిటంటే, పైఅర కూడా ముస్రత్‌దే.

పనిలో వంక పెట్టడానికి లేదు భూమికకు. నొప్పులు మొదలైన ఆడమనిషి కడుపులో బిడ్డ గుండె చప్పుడును అరగంటకొకసారి చిన్న మిషను పెట్టి వినాలి, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో కాగితం మీద రాయాలి. భూమిక అరగంట అంటే అరగంటే. చేతిలో టీ గ్లాసు ఉంటే అక్కడే పెట్టి లేచిపోతుంది. ముస్రత్ అట్లా కాదు. ఒక మంచం దగ్గర కూర్చుందంటే ఆ ఇంటి కోడళ్ళు, కోళ్ళు, బోరుబావి లోతు అన్నీ తెలుసుకొని గాని లేవదు. చప్పుడు వింటుంది, కాదనను. కానీ రాయడం మాత్రం డ్యూటీ దిగే ముందు ఒక్క ఊపున. రెండింటికి నూట నలభై, రెండున్నరకు నూట నలభై రెండు, మూడింటికి నూట నలభై. ఒకే పెన్ను, ఒకే వాలు. ఒకే ఇడ్లీ పాత్రలో ఉడికినట్టు ఉండేవి ఆ అంకెలు.

అయినా ఇంటికి పోయేవాళ్ళు అడిగేది ఆమెనే. చేతి సూది తీసి, దూది అదిమి, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో భూమిక రెండుసార్లు చెప్పేది. వాళ్ళేమో ఆమె భుజం మీదుగా వాకిలి వైపు చూస్తూ "ముస్రతమ్మ యాడుంది?" అనేవాళ్ళు. శనక్కాయల సంచి భూమిక చేతికే ఇచ్చేవాళ్ళు, ముస్రత్‌కు అందించమని.

పోయిన ఏడు ఆలూరు పక్క నుంచి వచ్చిన ఒక కుటుంబం బిడ్డకు ముస్రతమ్మ అని పేరు పెట్టింది. మా పక్క ఇది వింతేమీ కాదు. పీర్లకు మొక్కుకొని కన్న మస్తానమ్మలు, కాశీమప్పలు హిందువుల ఇళ్ళల్లో కావలసినంత మంది. ముస్రత్ ఆ పాప ఫోటో ఫోనులో పెట్టుకొని ఆసుపత్రి అంతా తిప్పింది. ఊడ్చే ఆమెకు చూపింది, డాక్టరమ్మకు చూపింది, భూమికకు మూడుసార్లు చూపింది.

ఇక్కడ ఒక్క మాట. పదకొండు అన్నాను కదా, నిదానంగా కూర్చొని లెక్కపెడితే మూడు తేలింది. ఆలూరు పాప ఒకటి. ఇప్పుడు చెప్పబోయే పెద్దకడుబూరు పాప ఒకటి. మూడోది ఎనుముదూడ. కోడలి కాన్పు, ఎనుము ఈత ఒకే వారంలో పడితే, కోడలికి మగపిల్లాడు పుట్టాడని ఆ ఇంటాయన నర్సు పేరు దూడకు పెట్టాడు. మిగతా ఎనిమిదింటినీ లెక్కలోంచి తీసేయండి.

మూడైనా భూమికకు ఎక్కువే. దూడ సంగతి విన్న దినం బస్సులో ఎమ్మిగనూరు దాకా కిటికీ వైపు మొహం తిప్పుకొనే కూర్చుంది. ఇంటికి పోతే అక్కడా అదే పాట. మగ్గం గుంతలోంచి లేవకుండానే అమ్మ అడిగింది, "ఎవురో నర్సు పాప పేరు పిల్లలకు పెడతాండారంటనే. నీతో పాటే సేరింది కదా ఆ పాప?" అని. భూమిక ఆ రోజు అన్నం తినలేదు.

తాను కూడా ముస్రత్ లాగే మాట కలిపితే ఏం పోయిందని ఒకసారి ప్రయత్నించింది పాపం. నొప్పులతో మంచం కమ్మి పట్టుకొని ఉన్న ఒకామె దగ్గర నిలబడి, ఈ ఏడు పత్తి ఎన్ని ఎకరాలు పెట్టినారని అడిగింది. ఆమె పళ్ళు బిగబట్టి, "నేను సచ్చి బతుకుతాంటే పత్తి కత యాల తల్లీ నీకు?" అన్నది. పక్క మంచాల మీద నొప్పుల్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. భూమిక మళ్ళీ ఆ జోలికి పోలేదు.

అప్పటికే ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్ల దుకాణం ఒకటి ఆమెను పిలుస్తోంది. చల్లటి గదిలో కూర్చుని పని, ఇంటికి నడిచి పోయేంత దూరం. సోమవారం మధ్యాహ్నంలోగా ఏ సంగతో చెప్పమన్నారు. పోదామనే అనుకుంది. ఎవరి కంటా పడని పనికి రోజూ ఇంత దూరం రావడం ఎందుకని.

సరిగ్గా ఆ వారమే దేవేంద్రప్ప వచ్చాడు. పెద్దకడుబూరు రైతు. భార్య కాన్పయి మూడో నెల. ఆసుపత్రి వాకిట్లో చెప్పులు విడిచి, టవలు భుజం మీద సర్దుకొని, ముస్రత్ సిస్టర్ ఉందా అని అడిగాడు. కాన్పు రోజు తాను పత్తి లోడుతో వేరే ఊళ్ళో ఉన్నాననీ, సిస్టర్‌ను కళ్ళతో చూడలేదనీ, అయితే వాళ్ళమ్మ మాత్రం ఆమె పేరే పెట్టాలని పట్టుపట్టి కూర్చుందనీ చెప్పాడు. ఆదివారం పేరు పెట్టే పండగ. అతను వచ్చిన పూట ముస్రత్ సెలవులో ఉంది, ఎదురుపడింది భూమికే.

"తప్పకుండా రమ్మని సెప్పక్కా," అన్నాడు. "ఆ సిస్టరు రాకపోతే మాయమ్మ తొట్టెల్లో బిడ్డనే ఏయనీదు."

సరేనంది భూమిక. చెప్పలేదు. మరుసటి రోజు ముస్రత్ బీరువా ముందు నిలబడి జడ సర్దుకుంటుంటే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే ముస్రత్ ఆలూరు పాపకు పళ్ళు వస్తున్నాయని ఫోను ముందుకు చాపింది. వచ్చిన మాట వచ్చినట్టే లోపలికి పోయింది.

ఆదివారం భూమికకు డ్యూటీ లేదు. పొద్దున్నుంచి ఇంట్లో కాలు నిలవలేదు. కుళ్ళు అనేది విచిత్రమైనది. ఏది చూస్తే మండుతుందో దాన్నే చూడాలనిపిస్తుంది. ముస్రత్‌కు డ్యూటీ పడింది, ఆమె బదులు నేను వచ్చినాను అని చెబుదాం, ఆ మొహాలు ఎట్లా వాడిపోతాయో చూద్దాం అనుకుంది. షేర్ ఆటోలో ఆ మాటనే నాలుగైదు సార్లు లోలోపల చెప్పుకుంటూ పెద్దకడుబూరులో దిగింది.

పందిరి కింద ఆడవాళ్ళు నిండుగా ఉన్నారు. ఓళిగల వాసన వీధి మొదట్లోకే వస్తోంది. భూమిక గడప దగ్గర చెప్పులు విడుస్తుండగానే ఒక ముసలామె గుంపులోంచి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. దేవేంద్రప్ప తల్లి మల్లేశ్వరి.

"వచ్చినావా ముస్రతమ్మా," అంది. "రావేమో అనుకొంటి."

భూమిక ఆటోలో అల్లుకొని తెచ్చుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ ముసలామె మొహం గుర్తుకొచ్చింది. ఆ వెనకే అంతా గుర్తుకొచ్చింది.

ఇది అర్థం కావాలంటే ఆ ఆసుపత్రి బోర్డు సంగతి చెప్పాలి. వార్డు తలుపు పక్కన నల్లబోర్డు మీద ఆ పూట డ్యూటీ సిస్టరు పేరు సుద్దతో రాసి ఉంటుంది. ఎవరి పేరు ఉంటే వాళ్ళే ఉండాలి. డ్యూటీలు మార్చుకోకూడదని పెద్ద సిస్టర్ అంజనమ్మ కట్టడి. ఒకసారి ఇద్దరు నర్సు పిల్లలు డ్యూటీ మార్చుకోబోయి, నువ్వొస్తావని నేను, నేనొస్తానని నువ్వు అనుకొని, వార్డు గంటసేపు దిక్కులేకుండా ఉందట. అప్పటి నుంచి పెద్ద సిస్టర్ ఒప్పుకోదు. కానీ పిల్లలకు పండగలుంటాయి, పెళ్ళిళ్ళుంటాయి. అందుకని పెద్ద సిస్టర్ లేని పూటలు చూసుకొని గుట్టుగా మార్చుకుంటారు. బోర్డు మీద పేరు చెరపరు. బోర్డు మీద పేరుతో ఎవరు పిలిచినా, వచ్చినవాళ్ళు ఆ పేరుకే పలకాలి.

రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం ముస్రత్ ఇంట్లో ఇఫ్తార్‌కు బంధువులు వస్తున్నారని ఆ పూట భూమిక చేసింది. మొహం మాడ్చుకొని చేసింది. ఐదో తరగతి చదివిన మల్లేశ్వరి బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కొని, "ముస్రతమ్మంటే నువ్వేనా?" అని అడిగితే, భూమికే "ఊఁ" అంది.

ఇప్పుడు పందిరి కింద ఆమెను పీట మీద కూర్చోబెట్టి మల్లేశ్వరి అందరికీ చెప్పసాగింది.

"ఈ పాప నవ్వలే, మాట్లాడలే. మొగం ఇంత పెట్టుకొని ఉండె. ఎంత గర్వమే ఈ పాపకు అనుకొంటి, నిజం సెప్తాండా. కానీ గోడమీది గడియారం తప్పొచ్చు, ఈ పాప తప్పలే. పిలవకుండానే వచ్చేది. మా కవిత కడుపు మీద మిషను పెట్టి లెక్కపెట్టేది. నూట నలభై, బాగుందవ్వా అని సెప్పి, రాసుకొని పోయేది. ఆ మాట కోసమే మేము కాసుకొని కూర్చుంటిమి. నాలుగున్నరకు వచ్చి నూట నాలుగు అనింది. మళ్ళీ ఇనింది. పిల్లను ఎడమ పక్కకు తిప్పి పండబెట్టింది, డాక్టరమ్మను పరిగెత్తి పిలుచుకొచ్చింది. ఆయమ్మ ఏమన్నదో ఎరుకేనా? ఇంకో అరగంట ఎవురూ సూడకుంటే బిడ్డ దక్కేది కాదనింది."

ఆడవాళ్ళు భూమిక వైపు తిరిగి చూశారు. తొట్టెల పక్కన కూర్చున్న కవిత, బిడ్డ తల్లి, కళ్ళు తుడుచుకుంది.

భూమికకు ఎటు చూడాలో తెలియలేదు. ఇన్ని నెలలుగా ఎవరికీ పట్టదనుకున్న ఆ అరగంటల లెక్కను వీళ్ళు నోటికి అప్పజెబుతున్నారు. నవ్వలేదన్నది కూడా మెచ్చుకోలుగానే చెబుతున్నారు. అన్నీ తనవే. పేరు ఒక్కటే ముస్రత్‌ది. ఇన్నాళ్ళూ ముస్రత్‌ను చూసి కుళ్ళుకుంది, దానికి ఒక పద్ధతి ఉంది. ఇప్పుడు ముస్రత్ పేరు పెట్టుకున్న తనను చూసి తానే కుళ్ళుకోవలసి వచ్చింది. దానికి పద్ధతి ఏమిటో ఆమెకు తెలియలేదు.

బిడ్డను తొట్టెలలో వేశారు. మా పక్క మేనత్త వంగి బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెబుతుంది. చెబుతున్నంతసేపూ చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కేకలు పెడుతూ ఆమె వీపు మీద గుద్దుతారు. అదొక వేడుక. మేనత్త హేమ లేవబోతుంటే మల్లేశ్వరి ఆపింది.

"సిస్టరమ్మనే సెప్పనీ. ఆయమ్మ ఇనబట్టే కదా బిడ్డ ఉండేది."

భూమిక లేచింది. నా పేరు భూమిక అవ్వా అని ఒక్క మాట అంటే చాలు, ఆ బిడ్డ భూమిక అవుతుంది. ఏడాదిగా కడుపులో మండుతున్నది చల్లారిపోతుంది. కానీ మరి ఆ దినం ముస్రతమ్మవేనా అంటే ఎందుకు ఊఁ కొట్టినావు అని అవ్వ అడుగుతుంది. పెద్దకడుబూరులో పుట్టిన మాట ఆదోనికి చేరడానికి ఒక షేర్ ఆటో చాలు. తన ఉద్యోగం ఎట్లాగూ వదిలేసేదే, ముస్రత్‌కు మాత్రం చీవాట్లు తప్పవు. పడనీ అనుకుంది ముందు. తర్వాత బిడ్డ మొహం చూసింది. బొద్దుగా ఉంది. నూట నాలుగు నుంచి వచ్చిన బిడ్డ అది.

వంగింది. వీపు మీద మొదటి గుద్దు పడింది, కేకలు లేచాయి. ఆ కేకల్లో, బిడ్డ చెవికి పెదవులు ఆనించి, మొదటిసారి "భూమిక" అంది. రెండోసారి "ముస్రత్" అంది. మూడోసారి కూడా "ముస్రత్" అని, లేచి నిలబడి పందిరంతా వినేటట్టు ఆ పేరే పైకి చెప్పింది. ఆడవాళ్ళు గుగ్గిళ్ళు పంచారు.

సోమవారం నర్సుల గదిలో భూమిక జరిగిందంతా ముస్రత్‌కు చెప్పేసింది. పిలుపు దాచింది కూడా చెప్పింది. ముస్రత్ చేతిలోని దువ్వెనను బీరువా పై అరలో పెట్టి ఇటు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ ఆమె నోరు ఊరికే ఉండేది కాదు.

"పిలుపు నాది, ఓళిగలు నువ్వు తింటివి," అంది. "పేరు నాది పెట్టినారు, పొగిడింది నిన్ను. ఇంత సేసి మళ్ళీ కుళ్ళు నీకేనా? నేను యాడ పెట్టుకోవాల నాది?"



"నన్ను ఎప్పుడూ నవ్వుతాదనే సెప్తారే అందరూ," అంది ముస్రత్. "నూట నాలుగు పట్టుకొన్నాదని ఒక్కరూ అనలే. పో, పెద్ద సిస్టర్ దగ్గరికి పోయి ఆ కాగితం నీదని రాయించుకో. తిట్లు నేనూ తింటాలే."

అంజనమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అంతా విన్నది. పాతికేళ్ళుగా కాన్పుల వార్డే ఆమె ఊరు. విన్నాక సొరుగు లాగి పెద్దకడుబూరు కేసు కాగితం తీసింది. అది పైనే ఉంది. భూమికకు అది వింతగా తోచింది.

"ఇది నీ రాత అని నాకు ఆ మరుసటి దినమే ఎరుక," అంది అంజనమ్మ. "ముస్రత్ అంకెలు ఒకేసారి రాస్తాది. ఇవి అరగంటకొకటి, ఒక్కోదానికి ఒక్కో వాలు. కొత్తగా సేరే పిల్లలందరికీ ఈ కాగితమే సూపిస్తాండా, సూసి నేర్చుకోండి అని."

"నాకెప్పుడూ సెప్పలేదే మేడం," అంది భూమిక.

"ఎట్ల సెప్పేది? బాగా సేసినావు అని నీకు సెప్తే, మీరు డ్యూటీ మార్చుకొన్యారని నాకు తెలిసినట్టే కదా. తెలిస్తే శిక్ష ఎయ్యాల. శిక్ష ఎయ్యకుండా ఉండాలని మెచ్చుకోకుండా ఉంటి."

ఇప్పుడు తెలిసిపోయింది గనుక శిక్ష వేసింది. ఇద్దరికీ రెండేసి ఆదివారాలు డ్యూటీ. ఆ తర్వాత కాగితం మీద ముస్రత్ అని ఉన్న చోట గీత కొట్టి, భూమికతోనే ఆమె పేరు రాయించింది. ఇక మీదట మార్చుకుంటే మార్చుకోండి, బోర్డు చెరిపి ఎవరు వస్తే వాళ్ళ పేరు రాసి చావండి అంది. అంత కటువైన ఆమె కట్టడి అట్లా సడలింది.

మధ్యాహ్నం దుకాణం నుంచి ఫోను వచ్చినప్పుడు భూమిక గోడ గడియారం వైపు చూస్తోంది. రెండున్నర కావస్తోంది. మూడో మంచం ఆమె కడుపులో బిడ్డ గుండె వినాలి.

"నేను రాలేనన్నా," అంది. "ఇంకొకరిని సూసుకోండి. నాకు పని ఉంది."

ఇంతటితో కుళ్ళు పోయిందనుకుంటే పొరపాటు. ఆ వారం గడవకముందే ముస్రత్ కాగితం ఒకటి భూమిక కంట పడింది. అరగంటకొక అంకె, ఒక్కోదానికి ఒక్కో వాలు. పైగా ఆ మంచం మీది ఆమె ముస్రత్ చెప్పిన మాటకు నవ్వుతోంది. నవ్వూ ఆమెకే, అరగంటా ఆమెకేనా అని భూమికకు ఒళ్ళు మండిపోయింది. అప్పటి నుంచి ఆమె ఇరవై ఐదు నిమిషాలకే లేస్తోందని చెప్పుకుంటారు.

ఇక ఒక సంగతి ఒప్పుకోవాలి. పేరు పెట్టే దినం నేనూ పెద్దకడుబూరులోనే, ఆ పందిరి కిందే, దొన్నెలో గుగ్గిళ్ళు పట్టుకొని ఉన్నాను. ఆడవాళ్ళ కేకల్లో నాకు, నాకే కాదు ఎవరికీ, ఆమె బిడ్డ చెవిలో ఏమి చెప్పిందో వినబడలేదు. మూడుసార్లూ ముస్రత్ అనే చెప్పి ఉండవచ్చు. మొదటిసారి భూమిక అందని నేనే కల్పించాను. ఎనుముదూడ మాత్రం నిజం.